ఆనవాలు చెప్పినవాడు

యూనియన్ సైన్యం హైదరాబాద్‌లోకి వచ్చి నెల రోజులైంది. ఇబ్రహీంపట్నం సర్కారు కచేరీ ముందు మూడు రంగుల జెండా ఎగురుతోంది. ఆ ఆదివారం ఊరి పెద్దలు అక్కడే సభ పెట్టి, రజాకార్ల చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి మెడలో బంతిపూల దండలు వేశారు. ఐదో పేరు జానయ్యది.

జానయ్యకు ముప్పై ఏళ్ళు. పెద్దచెరువులో చేపలు పట్టి బతికే కుటుంబం. తండ్రి ఎప్పుడో పోయాడు, ఇంట్లో తల్లి నాగులమ్మ, తనూ. ఎండాకాలంలో రజాకార్లు అతన్ని పట్టుకుపోయి, ఒక పశువుల కొట్టంలో పెట్టి మూడు రోజులు కొట్టారు. కుడిచేతి వేళ్ళు రెండు ఇప్పటికీ ముడుచుకోవు.

"మూడు దినాలు సావగొట్టిండ్రు," అన్నాడు చెన్నయ్య, చేపలోళ్ళ కులపెద్ద. జానయ్య భుజం మీద చెయ్యి వేసి, అందరికీ వినపడేలా గొంతు పెంచాడు. "కొండల్ యాడున్నడో చెప్పురా అని అడిగిండ్రు. నోరు తెరిచిండా? తెరువలే! గిసొంటోడు మన కులంల పుట్టిండు."

జనం చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళ మధ్య నిలబడి ఉన్న ఈదమ్మ, కొండల్ భార్య, రెండు చేతులూ ఎత్తి జానయ్యకు దండం పెట్టింది. ఆమె చేతులకు గాజులు ఇంకా ఉన్నాయి. కొండల్ రజాకార్లకు దొరికిపోయాడని కొందరు, కమ్యూనిస్టు దళంతోపాటు అడవిలోకి వెళ్ళిపోయాడని కొందరు అనుకుంటున్నారు. శవం కనపడలేదు కనుక ఆమె ఎదురుచూస్తూనే ఉంది. నాలుగు నెలలుగా రాచకొండ గుట్టలన్నీ తిరిగి, గొర్రెల కాపరుల్నీ కట్టెలు కొట్టేవాళ్ళనూ అడుగుతూనే ఉంది.

జానయ్య ఆమెను చూసి తల దించుకున్నాడు. వినయం అనుకున్నారు అందరూ.

నిజం అతనికొక్కడికే తెలుసు. అతను చెప్పేశాడు. మొదటి రెండు రోజులూ పళ్ళు బిగబట్టాడు. మూడో రోజు మధ్యాహ్నం, కొండల్ మంచాల ఊరి అవతలి గుట్టల్లో ఎక్కడ దాక్కున్నాడో ఆనవాళ్ళతో సహా చెప్పేశాడు. చెప్పింది అబద్ధమైతే తేలిపోవాలని వాళ్ళు అతన్నే దారి చూపమని బండిలో వేసుకుపోయారు. కొండల్‌ను అతని కళ్ళముందే కాల్చి, అక్కడే గుంత తీసి పూడ్చారు. తిరిగి వచ్చేటప్పుడు జానయ్యను బాట పక్కన పడేసి పోయారు. అటుగా వచ్చిన ఒక సాయిబు తన ఎడ్లబండిలో వేసుకుని మిషన్ దవాఖానకు చేర్చాడు. నలభై రోజులు మంచం మీద ఉన్నాడు. అంత చావుదెబ్బలు తిన్నాడంటే చెప్పలేదనేగా అర్థం అని ఊరు దానంతట అదే అనుకుంది. జానయ్య అవుననలేదు, కాదనలేదు.

కొండల్, అతనూ చిన్నప్పట్నుంచీ ఒకే తెప్ప మీద పెరిగినవాళ్ళు. కొండల్ సంఘంలో చేరి గుట్టల్లోని దళానికి బియ్యం, చీటీలు మోస్తున్నాడని జానయ్యకు తెలియడానికి కారణం, రెండుసార్లు ఆ మూటను కొండల్ నెత్తికెత్తింది తనే కావడం.

సభ అయ్యాక ఇంటికి వచ్చి దండను చూరుకు తగిలించాడు. ఆ రాత్రి నిద్ర రాలేదు. కొండల్‌ను కాల్చిన నాటి నుంచి సరిగా వచ్చిందే లేదు. కానీ తెల్లారేసరికి మనసు విచిత్రంగా తేలికైంది. ఏదో నిర్ణయం జరిగిపోయినట్టు. సోమవారం ఇంటి కప్పు సర్దాడు. మంగళవారం తల్లికి ఆరు నెలలకు సరిపడా కట్టెలు కొట్టి పేర్చాడు. తన వల తీసుకుపోయి చిన్నాయన కాశయ్యకు ఇచ్చాడు. "నా వేళ్ళు ముడుస్తలేవు, నువ్వే వాడుకో," అన్నాడు. కాశయ్య మురిసిపోయి తీసుకున్నాడు.

బుధవారం పొద్దున స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టుకుని, దవాఖానకు వెళ్ళాడు. మంచాన ఉన్నప్పుడు వాళ్ళు ఇచ్చిన కంబళి తిరిగి ఇద్దామని.

దవాఖాన అంటే రెండు గదులు, ఒక వసారా. డాక్టరు నెలకు రెండుసార్లు పట్నం నుంచి వస్తాడు. మిగతా రోజులన్నీ శ్యామలమ్మే. గాయాలు కడిగేదీ, పురుళ్ళు పోసేదీ, ఆదివారం వసారాలో చాపలు పరిచి ప్రార్థన చేసేదీ ఆమే. యాభై దాటిన మనిషి. కంబళి అందుకుని జానయ్య ముఖంలోకి చూసింది. ఎవరూ అడగని వస్తువు వాపసు తెచ్చాడు. నిన్న కాశయ్య కాలిపుండుకు కట్టు కట్టడానికి పోతే, జానయ్య వల వాళ్ళ గుంజకు వేలాడుతూ కనిపించింది. చేపలు పట్టేవాడు వల ఎందుకిచ్చేశాడని ఆమెకు రాత్రంతా అదే ఆలోచన.

వసారాలో నలుగురు రోగులు ఉన్నారు. "జర ఆగుండ్రి," అని వాళ్ళకు చెప్పి, జానయ్యను లోపలి గదిలోకి పిలిచింది.

"జానయ్యా, సూటిగ అడుగుత, సూటిగ చెప్పు. సచ్చిపోదామనుకుంటున్నవా?"

ఆ మాట ఎవరో అడుగుతారని అతను అనుకోలేదు. అబద్ధం నోటికి రాలేదు.

"అవ్."

శ్యామలమ్మ అరవలేదు, గుండెలు బాదుకోలేదు. బల్ల ముందుకు లాగి, "కూసో," అంది. తనూ ఎదురుగా కూర్చుంది. "చెప్పు. ఎంతసేపైనా సరే."

అతను మొదలుపెట్టడానికి చాలాసేపు పట్టింది. మొదలయ్యాక మాత్రం ఆగలేదు. మూడో రోజు మధ్యాహ్నం, బండి, గుట్ట, గుంత, సభలో దండ, ఈదమ్మ పెట్టిన దండం. "ఆమె నాకు చేతులెత్తి మొక్కిందమ్మా. ఆమె మొగన్ని సంపినోనికి మొక్కింది. నేను బతికినన్ని దినాలు గీ అబద్ధం బతుకుతనే ఉంటది. నేను పోతే నాతోపాటే పోతది."

నీ తప్పేం లేదు అని శ్యామలమ్మ అనలేదు. అంటే అతను నమ్మడని ఆమెకు తెలుసు.

"నువ్వు చేసింది చిన్నదని నేను చెప్ప," అంది. "గని నిన్ను గట్ల కొట్టినోళ్ళ పాపం గూడ నువ్వే మోస్తున్నవ్. గది నీది కాదు. నీ పాలు ఏదో గదే నీది. నీకొక ముచ్చట చెప్పాల్నా?"

అతను తల ఊపాడు.

"యేసు సామి ఎంట తిరిగినోళ్ళల్ల ఇద్దరున్నరు. ఒకడు ఆయన్ను పట్టిచ్చిండు. ఇంకోడు, ఆయన్ను కొడుతుంటే అవతల మంట కాడ కూసొని, గాయన ఎవరో నాకు తెల్వదు అన్నడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు. ఇద్దరు గూడ తర్వాత కుమిలిండ్రు. మొదటోడు తాళలేక పానం తీసుకున్నడు. రెండోడు సిగ్గుతోనే, ఏడ్పుతోనే ఉండిపోయిండు. సిలువ మీద సంపినంక మూడో దినం యేసు సామి సావులకెల్లి లేచొచ్చిండు."

"మొదటోడు గూడ ఆగి ఉంటే?"

"గదే నా మనసుల ముల్లులెక్క ఉంటది. ఆగుంటే వాని కాడికి గూడ వచ్చేటోడే అని నేను నమ్ముత. వాన్ని తిట్టనీకి నాకు నోరు రాదు. పాపం, మూడు దినాలు ఆగలేకపోయిండు."

జానయ్య నేలకేసి చూస్తూ అడిగాడు. "రెండోడు ఏం పని చేసెటోడు?"

"నీలెక్కనే. చాపలు పట్టెటోడు."

అతను తల ఎత్తాడు.

"సామి లేచిండని తెలిసినా వాని మనసు కుదురుకోలే. మల్ల వలేసుకొని పడవెక్కిండు. రాత్రంత ఒక్క చాప వడలే. తెల్లారంగ చూస్తే గట్టు మీద ఎవరో నిప్పులు రాజేసి చాపలు కాలుస్తున్నరు. యేసు సామే. రాండ్రి, తినుండ్రి అన్నడు."

"తిట్టలేదా?"

"తిట్టలే. ముందు తినబెట్టిండు. తర్వాత, నా మీద నీకు పానముందా అని అడిగిండు. మూడుసార్లు అడిగిండు. ఆఖరుకు పని చెప్పిండు. నా గొర్లను సూసుకో అన్నడు."

బయట ఎవరో దగ్గారు. జానయ్య వంగని రెండు వేళ్ళను ఎడమచేత్తో నొక్కుకుంటూ ఉన్నాడు. "నాతోని ఎవరికేం పనమ్మా?" అన్నాడు. "నాకేం పనున్నది?"

"పనున్నది," అంది శ్యామలమ్మ. "ఈదమ్మ నాలుగు నెలల సంది గుట్టలు పట్టుకొని తిరుగుతున్నది. పోయిన వారం కాళ్ళు బొబ్బలెక్కి నా కాడికే వచ్చింది. గా గుంత యాడున్నదో తెలిసినోడు ఊర్ల నువ్వొక్కనివే. నువ్వు పోతే గది గూడ నీ ఎంటనే పోతది. ఆమె సచ్చేదాంక ఎతుకుతనే ఉంటది."

ఈ సంగతి జానయ్యకు ఒక్కసారి కూడా తట్టలేదు. తాను పోతే అబద్ధం పోతుందనుకున్నాడు కానీ, నిజం కూడా పోతుందనుకోలేదు.

"ఈదమ్మకు చెప్పాల్నా? నా తోని కాదు. సచ్చుడన్న నయం."

"ఎరుకే. సచ్చుడుకన్న గదే కష్టం. ఒక్కనివే పొమ్మంటలేను. నేనొస్త." ఆమె ఇంకొంచెం దగ్గరికి జరిగింది. "మా ఆయన, ఇద్దరు పిల్లలు ఒక్క వారంల కలరాతోని పోయిండ్రు. పద్దెనిమిదేండ్లాయె. నేను గూడ నువ్వు కూసున్న కాడనే కూసున్న జానయ్యా. అప్పుడు ఒక ముసలామె నన్ను ఒక్కటే అడిగింది. ఇయ్యాల దినం నాకియ్యి అన్నది. రేపటి ముచ్చట రేపు అన్నది. ఇచ్చిన. నన్ను సూడు, ఎన్ని దినాలైనయో. నువ్వు గూడ ఇయ్యాల దినం నాకియ్యి."

అతను చాలాసేపు ఏడ్చాడు. ఏడ్చి, "సరే," అన్నాడు.

శ్యామలమ్మ ఆ మాట మీద ఊరుకోలేదు. రోగుల్లో ఒకామెను పంపి నాగులమ్మను పిలిపించింది. ఈలోగా జానయ్యకు గంజి పోసి, ఉతికిన కట్టుగుడ్డలు చుట్టే పని పెట్టింది. నాగులమ్మ రొప్పుతూ వచ్చింది. కొడుకే ఆమెకు అంతా చెప్పాడు. ఆమె వింటూ వింటూ లేచి, చెంప మీద ఒక్కటి కొట్టింది. మరుక్షణం అతని తలను పొట్టకు అదుముకుంది.

"నాకు కట్టెలెందుకురా? పొయ్యి పెట్టి ఎవనికి వండాలె? ఊరు ఉమ్మితే ఉమ్మనియ్యి. నువ్వు కండ్లముంగట ఉండు సాలు."

ఆ రాత్రి ముగ్గురూ దవాఖాన వసారాలోనే పడుకున్నారు. నాగులమ్మ కొడుకు చెయ్యి వదల్లేదు.

మరునాడు పొద్దెక్కాక శ్యామలమ్మ, జానయ్య కలిసి ఈదమ్మ ఇంటికి వెళ్ళారు. ఆమె వాకిట్లో కూర్చుని జొన్నలు విసురుతోంది. "రా జానన్నా, కూసో," అంటూ లేవబోయింది.

"లేవకు చెల్లె. నేను చెప్పేది ఇని తర్వాత ఏమన్న అను." అతను నిలబడే చెప్పాడు. శ్యామలమ్మ పక్కనే ఉంది కానీ ఒక్క మాటా అందివ్వలేదు. "కొండల్ లేడు. నేనే ఆనవాలు చెప్పిన. దెబ్బలకు తాళలేక చెప్పిన. నా ముంగటనే కాల్చిండ్రు."

విసురుతున్న చెయ్యి ఆగింది. ఆమె పిండి వైపే చూస్తూ ఉండిపోయింది.

"పో," అంది. "నా వాకిట్ల నిలవడకు. పో!"

జానయ్య తిరిగాడు. నాలుగడుగులు వేశాక వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"యాడున్నడు?"

"మంచాల దాటినంక, రెండు గుట్టల నడుమ. నేను సూపిస్త."

మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది. చెన్నయ్య కర్ర పట్టుకుని నాగులమ్మ గుడిసె ముందుకు వచ్చాడు. "నీ మెడల నా చేత్తోని దండేసిన గదరా!" అని అరిచి, అతని కాళ్ళ దగ్గర ఉమ్మాడు. కర్ర ఎత్తాడు కూడా. జానయ్య కదల్లేదు. శ్యామలమ్మ వచ్చి ఇద్దరి మధ్య నిలబడింది.

"చెన్నయ్యా, నిన్ను గూడ గా కొట్టంల మూడు దినాలు ఉంచితే ఏం చెప్పేటోనివో నీకు ఎరుకనా? నాకైతే నా సంగతి ఎరుకలేదు."

చెన్నయ్య చెయ్యి అలాగే ఉండిపోయింది. కర్ర దించాడు కానీ, "ఒచ్చే ఎండకాలం దాంక చెరువుల కాలు వెట్టద్దు," అని చెప్పి పోయాడు.

శుక్రవారం రెండు బండ్లు కట్టుకుని మంచాల వెళ్ళారు. ఈదమ్మ, చెన్నయ్య, కాశయ్య, ఇంకో నలుగురు మగవాళ్ళు, శ్యామలమ్మ. బండ్లు ఆపి గుట్టల్లోకి నడిచారు. ముందు జానయ్య. దారిలో అతనితో ఎవరూ మాట్లాడలేదు. వానలకు గడ్డి నడుము దాకా పెరిగింది. ఒకచోట దారి తప్పానేమోనని ఆగి చుట్టూ చూశాడు. కానీ చీలిన బండ కనిపించింది, దాని పక్కన మోదుగ చెట్టు కనిపించింది.

"గీడ," అన్నాడు.

తవ్వారు. నడుముకు ఉన్న వెండి మొలతాడు చూసి ఈదమ్మ గుర్తుపట్టింది. ఆమె ఏడ్పు ఆ రెండు గుట్టల మధ్య చాలాసేపు తిరిగింది. ఎవరూ ఆపలేదు. నాలుగు నెలల ఏడ్పు అది. ఏడ్చి ఏడ్చి ఆగాక, కొంగుతో ముఖం తుడుచుకుని, జానయ్యను పిలిచింది.

"ఆఖరుకు ఏమన్నడు?"

ఈ ఒక్కటీ జానయ్య శ్యామలమ్మకు కూడా చెప్పలేదు.

"నన్ను తిట్టిండా? నిన్ను తిట్టిండా? ఏమన్నడో చెప్పు. నాకు గావాలె."

"నన్ను సూసిండు," అన్నాడు జానయ్య. "నా మొకమంత వాచిపోయి ఉన్నది. చేతులు గిట్ల యేలాడుతున్నయి. వాళ్ళెంట నేనెందుకొచ్చిన్నో వానికి అర్థమైంది. 'అయ్యో జానిగా, గింతగనం కొట్టిండ్రారా నిన్ను,' అన్నడు. గంతే. మల్ల మాట్లాడలే."

చెన్నయ్య కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఈదమ్మ ఆ మాటను తనలో తాను రెండుసార్లు అనుకుంది. ఆమె కళ్ళలో మళ్ళీ నీళ్ళు తిరిగాయి కానీ ఇవి వేరు. "గా మాట నా మొగనిదే," అంది. "పిల్లి కాలు ఇరిగినా గట్లనే అనెటోడు." తర్వాత జానయ్య వైపు చూడకుండానే అంది. "వాడు నిన్ను సూసి జాలిపడ్డడు. నాకు ఇంకా జాలి రాలే. వస్తదో రాదో తెల్వదు. గని నువ్వు సావద్దు. వాడు జాలిపడ్డ మనిషి సావద్దు."

కొండల్ అన్న ఆ చివరి మాట జానయ్య గుండెల్లో నాలుగు నెలలుగా నిప్పులా ఉంది. కొండల్ చివరి చూపు తనను శపించిందనే అతను అనుకుంటూ వచ్చాడు. ఈదమ్మ నోటి నుంచి విన్నాకే, అందులో శాపం ఎక్కడా లేదని అతనికి తెలిసింది. గుట్ట దిగుతూ దిగుతూ దారి పక్కన కూర్చుండిపోయాడు. శ్యామలమ్మ పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, కళ్ళు మూసుకుని నెమ్మదిగా ప్రార్థన చేసింది. ప్రభువా, ఇతన్ని నువ్వు విడువలేదు, మేమూ విడువం, అన్నదొక్కటే అతనికి వినిపించింది.

కొండల్‌ను ఊరికి తెచ్చి, కులం పద్ధతిలో దినాలు చేశారు. ఈదమ్మ గాజులు తీసేసింది. అటు తర్వాత గుట్టల్లో తిరగడం మానేసి, సంతలో చేపలు అమ్మడానికి కూర్చుంది.

జానయ్యకు అంతా ఒక్కరోజులో బాగుపడలేదు. బజారులో కొందరు ముఖం తిప్పుకున్నారు. కొన్ని పొద్దుల్లో ఆ పాత చీకటి మళ్ళీ వచ్చి ఛాతీ మీద కూర్చునేది. అలాంటి పొద్దుల్లో దవాఖానకు వచ్చి, "అమ్మా, ఇయ్యాల మల్లొచ్చింది," అని చెప్పేవాడు. శ్యామలమ్మ ఎందుకని అడిగేది కాదు. గంజి పోసి, పక్కన కూర్చుని, ఏదో ఒక పని చెప్పేది. చెరువులో దిగనివ్వరు కనుక అక్కడే గాయాలు కడగడం నేర్చుకున్నాడు. వంగని వేళ్ళతోనే కట్టు గట్టిగా కట్టేవాడు. ఆదివారాలు మొదట వసారా చివర కూర్చునేవాడు, తర్వాత చాప మీదికి వచ్చాడు. తల్లి మైసమ్మకు బోనం చేస్తే కుండ ఎత్తి నెత్తిన పెట్టేవాడు కూడా. "నీ సామి ఏమంటడురా?" అని నాగులమ్మ అడిగితే, "అమ్మ కుండ మోస్తే ఏమనడు," అనేవాడు.

మరుసటి ఎండాకాలం, మంచాల నుంచి కబురు వచ్చింది. బుగ్గయ్య అనే రైతు కొడుకును కమ్యూనిస్టు అని ఈసారి యూనియన్ సైన్యం పట్టుకుపోయిందట. ఎక్కడ ఉంచారో తెలియదు. కొడుకు దాక్కున్న ఇల్లు చూపించింది బుగ్గయ్యేనట, భయపడి. మూడు రోజులుగా అన్నం ముట్టడం లేదు, బతకనంటున్నాడని ఆయన భార్య కాశమ్మ కబురు పంపింది.

శ్యామలమ్మ సంచి సర్దుతుంటే జానయ్య దాన్ని అందుకుని భుజానికి వేసుకున్నాడు.

"పోయి ఏం చెప్తవ్?" అని అడిగింది ఆమె.

"నేనేం చెప్త? పక్కన కూసుంట."

వాళ్ళు చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. బుగ్గయ్య దొడ్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది. కాశమ్మ పెట్టిన కంచం పక్కన అలాగే ఉంది. జానయ్య వెళ్ళి చెప్పులు విడిచి, ఆయన పక్కనే నేల మీద కూర్చున్నాడు. చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు.

"నువ్వెవర్రా?" అన్నాడు బుగ్గయ్య చివరికి, తల తిప్పకుండా.

"ఇబ్రహీంపట్నం. జానయ్య అంటరు. నా దోస్తు యాడున్నడో నేను చెప్పిన బాపు."

బుగ్గయ్య మెల్లగా అతని వైపు తిరిగాడు. అతని వేళ్ళను చూశాడు, ముఖం చూశాడు.

"మరెట్ల బతుకుతున్నవ్?" అని అడిగాడు. అందులో వెక్కిరింత లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"చెప్త బాపు. జర పొడుగు ముచ్చట," అని జానయ్య కంచం దగ్గరికి జరిపాడు. "నువ్వు తినుకుంట ఇను."